ముదురు రంగులు నీడలో ఆరేయాలి

ఆ రోజు చేయాల్సిన పని నిజానికి చాలా చిన్నది. మధ్యాహ్నం పన్నెండింటికి బ్యాంకు ఆఫీసరు వస్తాడు. డాబా మీది సోలార్ ప్లేట్లు ఎంత కరెంటు ఇస్తున్నాయో పావుగంట సేపు కొలుస్తాడు, కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోతాడు. అంతవరకూ ఇంట్లో ఎవరూ దేన్నీ ముట్టుకోకుండా ఉంటే చాలు. లాండ్రీ నడిపే కోడలు పొద్దున్న ఆరింటికే టీ గ్లాసులు అందిస్తూ ఈ మాట మొగుడికి రెండుసార్లు, మామగారికి మూడుసార్లు చెప్పింది. దేన్నీ ముట్టుకోకుండా ఉండటం ఎంత కష్టమైన పనో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎలా తెలుస్తుంది, అంతకుముందు ఎవరైనా ప్రయత్నిస్తే కదా.

మామగారిని వీధి వీధంతా పెద్దాయన అంటుంది. నలభై ఏళ్ల కిందట రెండు తొట్లు, ఒక బొగ్గుల ఇస్త్రీపెట్టె, డాబా మీద ఆరు వరసల తాడు పెట్టుకుని ఈ లాండ్రీ మొదలుపెట్టింది ఆయనే. ఇప్పుడు కింద నాలుగు ఉతికే మిషన్లు, రెండు ఆరబెట్టే మిషన్లు, ఒక ఆవిరి ఇస్త్రీ బల్ల ఉన్నాయి. పక్క వీధి లాడ్జి నుంచి రోజుకు రెండు వందల దుప్పట్లు వస్తాయి. పనికి లోటు లేదు గాని, వచ్చినదంతా కరెంటు బిల్లే మింగేస్తోంది. చిన్న వ్యాపారాల వాళ్లు డాబాల మీద సోలార్ పెట్టుకుంటే సగం వడ్డీకే అప్పిస్తామని బ్యాంకు వాళ్లు అన్నారో లేదో, కోడలు చెప్పులరిగేలా తిరిగి ఆరు నెలల్లో ఆ అప్పు సాధించింది. బ్యాంకులో దాన్ని గ్రీన్ లోన్ అంటారట. పచ్చ అప్పు అని కోడలు మామగారికి విడమరిచి చెప్పింది. "అప్పుకి రంగేమిటమ్మా?" అని అడిగాడాయన. పుట్టి బుద్ధెరిగాక రంగుల మధ్యే బతికాడు, ఇలాంటి రంగు మాత్రం ఆయన చేతి కిందికి ఎప్పుడూ రాలేదు.

ఆ పచ్చ అప్పుకి ఒక మెలిక ఉంది. బ్యాంకు వాళ్లు వచ్చి కొలిచిన రోజున, మిట్టమధ్యాహ్నం, పావుగంట పాటు ప్లేట్లు ఎనిమిది కిలోవాట్లకు తగ్గకుండా ఇవ్వాలి. కిలోవాట్ల సంగతి పెద్దాయనకు తెలియదు గాని ఎనిమిది తెలుసు. ఆ అంకె ఇంట్లో నెల రోజులుగా అన్నం తినేటప్పుడూ వినిపిస్తోంది, పడుకునేటప్పుడూ వినిపిస్తోంది. కొలతకు గడువు కూడా ఈ రోజుతో సరి. కోడలు ఏమీ దాచకుండా చెప్పింది. "ఎనిమిది రాకపోతే ఇది మామూలు అప్పయిపోతుంది మామయ్యా. ఆ వాయిదాలు మనవల్ల కాదు. మిషన్లు అమ్మేసి తలుపులు మూసుకోవడమే."

మొదట్లో ఈ సోలార్ వ్యవహారమంటే పెద్దాయనకు ఒళ్లుమంట. ప్లేట్ల కోసమని డాబా మీద ఆయన తాళ్లన్నీ విప్పేశారు. హాయిగా ఎండలో ఆరే బట్టల్ని తీసేసి, ఆ ఎండతో కరెంటు చేసి, ఆ కరెంటుతో వేడి పుట్టించి, ఆ వేడితో బట్టలు ఆరబెట్టడమేమిటని, ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుందని నెల రోజులు సణిగాడు. ఆ తర్వాత ఒక రోజు ప్లేట్ల మేస్త్రీ వచ్చి స్విచ్చి వేశాడు. నలభై ఏళ్లుగా ముందుకే తప్ప వెనక్కి చూడని మీటరులో అంకె ఒక్క క్షణం ఆగి, మెల్లగా వెనక్కి నడిచింది.

పెద్దాయన మెట్లెక్కి డాబా మీదకు వెళ్లి, చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని సూర్యుడి వైపు చూశాడు. ఎదురింట్లో నలభై ఏళ్లుగా ఉంటున్న మనిషి బ్రహ్మాండంగా పాడతాడని ఇవాళే తెలిసినట్టు అనిపించింది. ఇన్నేళ్లూ ఆ సూర్యుడితో తడి బట్టలు ఆరబెట్టించుకోవడమే గాని, ఆయనలో ఇంత విద్య ఉందని ఏనాడూ అనుకోలేదు. ఆ రోజు నుంచి పెద్దాయన డాబా మీద గొంతు పెంచి మాట్లాడటం మానేశాడు. పద్దెనిమిది ప్లేట్లు, మూడు వరసలు, ముదురు నీలం రంగు. వాటి ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. వీధిలో వాళ్లను ఇద్దరేసి చొప్పున తీసుకొచ్చి, గుసగుసగా చూపించి, చప్పుడు కాకుండా కిందికి దింపేవాడు.

అందుకే ఆ పొద్దున్న కోడలు, "మామయ్యా, మీరు పైనే ఉండి ప్లేట్లని కనిపెట్టుకుని ఉండండి. వాటికేమీ కాకూడదు" అన్నప్పుడు పెద్దాయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆమె ఉద్దేశం వేరు. పైన ఉంటే కింద మిషన్ల దగ్గర అడ్డం రాడని, ఆయన్ని ఆ వంకన పైకి పంపింది. పెద్దాయన మాత్రం ఇంట్లో పనులన్నీ ముగించుకుని తొమ్మిదిన్నరకు, దండనాయకుడు కోటకు వెళ్లినట్టు పైకి వెళ్లాడు.

వెళ్లి మొదటి ప్లేటు మీద అరచెయ్యి పెట్టి, చటుక్కున తీసేశాడు. పెనం లాగా కాలిపోతోంది. ఇంకా పది కూడా కాలేదు. పక్కకు వంగి వరస పొడుగునా చూస్తే, చివరి ప్లేటు ఒక పిసరు వెలసినట్టు అనుమానం వచ్చింది. నిజానికి అది దుమ్ము. వీధిలో రోజూ లారీలు తిరుగుతాయి, ప్లేట్ల మీద నెల రోజుల దుమ్ము పేరుకుని ఉంది. పెద్దాయన కంటికి మాత్రం అది దుమ్ములా కనిపించలేదు. రంగు పోతోందనే అనుకున్నాడు.

ఇక్కడ లాండ్రీ వాళ్ల సంగతి కొంచెం చెప్పాలి. ముదురు రంగులు నీడలో ఆరేయాలన్నది వాళ్ల మొదటి పాఠం. పెద్దాయన తన కొడుక్కి అక్షరాల కంటే ముందు ఇదే నేర్పాడు. కోడలికి కాపురానికొచ్చిన రెండో రోజున చెప్పాడు. ముదురు రంగుల్లోనూ నీలాన్ని అసలు నమ్మకూడదంటాడు. ఎరుపైతే నీళ్లలోనే బయటపడుతుంది, నలుపు కాస్త గోధుమరంగుకి తిరిగి హెచ్చరిస్తుంది. నీలం చెప్పాపెట్టకుండా ఎండలో లేచిపోతుంది. అలాంటి నీలాన్ని, అదీ ఇంత ఖరీదైనదాన్ని, నెల రోజులుగా మిట్టమధ్యాహ్నపు ఎండలో వెల్లకిలా పడేసి ఉంచారు. ఇంకో రెండున్నర గంటల్లో ఆఫీసరొచ్చి కళ్లారా చూస్తాడు. రంగు వెలసిన సరుక్కి ఎవరు మాత్రం సంతకం పెడతారు?

మరి కప్పేస్తే కరెంటు ఎలా వస్తుందన్న ఆలోచన ఆయనకు రాకపోలేదు. వచ్చింది, దానికి జవాబూ వెంటనే వచ్చింది. ఉన్ని కోటును ఇస్త్రీ చేసేటప్పుడు పెట్టెను నేరుగా కోటు మీద పెడతామా? పైన తడిగుడ్డ వేసి, దాని మీంచి తోస్తాం. వేడి కిందికి దిగుతుంది, ముడత పోతుంది, రంగు మాత్రం చెక్కుచెదరదు. సూర్యుడైనా అంతే కదా, ఎంతో పెద్ద ఇస్త్రీపెట్టె. ఇంత చిన్న కిటుకు అంత చదువుకున్న మేస్త్రీకి తట్టలేదేమిటా అని పెద్దాయన జాలిపడ్డాడు కూడా.

మెట్ల దగ్గర అప్పుడే మిషన్లోంచి తీసిన లాడ్జి దుప్పట్లు గంపలో ఉన్నాయి. తెల్లగా, తడిగా, మడత నలగకుండా ఉన్నాయి. ఎటూ ఆరాల్సినవే. ఒకే దెబ్బకు రెండు పిట్టలనుకుని, మూడు విడతలుగా పద్దెనిమిది దుప్పట్లు పైకి చేరవేశాడు. ఒక్కొక్కదాన్నీ రెండు కొసలు పట్టుకుని విదిలించి, ప్లేటు మీద పరిచి, అంచులు సరిచేసి, కొయ్య క్లిప్పులు బిగించాడు. తాళ్లు విప్పేశాక ఆ చేతులకు ఆ పని మళ్లీ దొరకలేదు. డెబ్బై రెండేళ్ల చేతులు ఎక్కడా తడబడలేదు. పదింబావుకల్లా మూడు వరసలూ మల్లెపువ్వుల్లా తెల్లగా పరుచుకున్నాయి. ఆయన పిట్టగోడ నీడలో కూర్చుని తృప్తిగా ఊపిరి పీల్చుకున్నాడు.

సరిగ్గా అదే సమయానికి కింద కోడలి ఊపిరి ఆగినంత పనైంది. ప్లేట్లు ఎంత ఇస్తున్నాయో ఆమె ఫోనులో కనిపిస్తుంది. అయిదున్నర ఉండాల్సిన అంకె నాలుగైంది, రెండైంది, చివరికి సున్నా పక్కన చుక్క, చుక్క పక్కన మూడు దగ్గర కూలబడింది. ఆమె మేస్త్రీకి ఫోను చేసింది. మబ్బు పట్టిందేమో, ప్లేట్ల మీద ఏమైనా పడిందేమో ముందు పైన చూడమన్నాడతను. ఆమె మెట్ల దగ్గరికి పరుగెత్తి కేకేసింది.

"మామయ్యా, పైన ఎండ ఉందా?"

"నిప్పులు చెరుగుతోందమ్మా."

"ప్లేట్ల మీద దుమ్ముగాని పిట్టల రెట్టగాని ఏమైనా ఉందా?"

పెద్దాయన లేచి మూడు వరసలూ జాగ్రత్తగా చూశాడు. "ఒక్క మరక లేదు. చూస్తే నీకే ముచ్చటేస్తుంది."

ఇంకేముంది, ఎండ ఉంది, ప్లేట్లు శుభ్రంగా ఉన్నాయి, కరెంటు లేదు. అయితే ప్లేట్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ పెట్టెలోనే తేడా అని మేస్త్రీ ఫోనులోనే తేల్చేశాడు. ముందు మెయిన్ స్విచ్ ఆపి, పది నిమిషాలాగి వెయ్యమన్నాడు. కొడుకు వెళ్లి ఆపాడు. నాలుగు మిషన్లూ నిండా నీళ్లతో, నిండా దుప్పట్లతో, తలుపులు బిగించుకుని నిలిచిపోయాయి. పది నిమిషాల తర్వాత స్విచ్ వేస్తే మూడు కదిలాయి. నాలుగోది ఏ కళనుందో, కడుపులోని సబ్బునీళ్లన్నీ నేల మీదకు కక్కేసింది. ఫోనులో అంకె మాత్రం సున్నా చుక్క మూడే.

మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు, ఆ నురగలో కాలు పెట్టకుండా ముందుకీ వెనక్కీ ఊగుతూ లాడ్జి మేనేజరు వచ్చాడు. మధ్యాహ్నం బస్సునిండా జనం దిగుతున్నారట, దుప్పట్లు ఇప్పుడే కావాలన్నాడు. ఉన్నవన్నీ లెక్కపెడితే, మిషన్లలో ఇరుక్కున్నవి కలుపుకున్నా నూట ఎనభై రెండే తేలాయి. రెండు వందలు ఇచ్చాను, పద్దెనిమిది ఎక్కడ అన్నాడు మేనేజరు. పొద్దున్న నర్సింగ్ హోముకు వేసిన కట్టలో కలిసిపోయి ఉంటాయని కొడుక్కి తట్టింది. వ్యాను వేసుకుని వెళ్లి, అక్కడి అలమరలన్నీ తీయించి, రోగుల కింద పరిచినవి కూడా తొంగి చూసి, వాళ్లచేత నానా మాటలూ అనిపించుకుని ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

ఈ గొడవంతా పెద్దాయనకు పైకి హోరులా వినిపించింది గాని మాటలు తెలియలేదు. ఆయన నీళ్ల ట్యాంకు కింద బకెట్టు పెట్టి కుళాయి తిప్పి నీళ్లు పడుతున్నాడు. దుప్పట్లు ఆరిపోతున్నాయి, తడిగుడ్డ ఆరితే ఇస్త్రీకి ప్రమాదం. ఎండ దెబ్బకు కిందివాళ్లకు చిరాకు ఎక్కువైందనుకుని, ఒక్కొక్క దుప్పటి మీదా చెంబుతో నీళ్లు చిలకరించాడు.

పదకొండింటికి మేస్త్రీ వచ్చి ఇన్వర్టర్ పెట్టె విప్పాడు. అరగంట సేపు దానిలోకి తల దూర్చి, తీగలన్నీ ఒకసారి లాగి ఒకసారి తోసి, చివరికి పెట్టె పోయిందన్నాడు. కొత్తది రావడానికి మూడు రోజులు పడుతుందన్నాడు. కోడలు బ్యాంకుకు ఫోను చేసింది. ఆఫీసరు బయల్దేరిపోయాడట. గడువు ఈ రోజే గనుక ఇంకో రోజు ప్రసక్తే లేదట.

అప్పుడే పెద్దాయన ఇంకో తుడుపుగుడ్డ కోసం కిందికి దిగుతున్నాడు. మూడో మెట్టు మీద కోడలు కూర్చుని ఉంది. చీర అంచు సబ్బునీళ్లలో తడిసింది, ఫోను ఒళ్లో ఉంది. పదేళ్లలో ఆమె కంట నీళ్లు ఆయన ఒక్కసారీ చూడలేదు. చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఏమైందమ్మా?"

"ప్లేట్లు చచ్చిపోయాయి మామయ్యా. ఒక్క చుక్క కరెంటు రావట్లేదు." ఆమె తలెత్తలేదు. "మీరు నలభై ఏళ్లు నిలబెట్టిన కొట్టుని నేను ఒక్క అప్పుతో ముంచేశాను."

ఆయనకు ఒక్కటే అర్థమైంది. తాను వెళ్లేసరికే ఆలస్యమైపోయింది. రంగుతో పాటు ప్రాణం కూడా పోయింది. "తప్పు నీది కాదమ్మా, నాది. పొద్దున్నే పైకి వెళ్లాల్సింది. తొమ్మిదిన్నర దాకా తాత్సారం చేశాను" అన్నాడు. తనను ఓదార్చడానికే పెద్దాయన ఏదో అంటున్నాడని కోడలికి ఇంకా ఏడుపొచ్చింది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి, తుడుపుగుడ్డ తీసుకుని పైకి వెళ్లిపోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలుసు. అయినా ఊరుకోలేకపోయాడు. ఒక్కొక్క దుప్పటీ ఎత్తి, కింది ప్లేటును తడిగుడ్డతో మూల మూలలా తుడిచి, చల్లటి నీళ్లు పోసి, మళ్లీ కప్పాడు. పద్దెనిమిదీ అయ్యేసరికి పన్నెండుకు అయిదు నిమిషాలుంది. చొక్కా నిలువునా తడిసిపోయింది.

కింద ఆఫీసరు వచ్చాడు. సన్నటి మనిషి, ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో కొలిచే పరికరం, చంకలో ఫైలు. ముఖంలో ఏ భావమూ లేదు. కోడలు కళ్లు తుడుచుకుని, దాచడం దేనికని ఎదురెళ్లి చెప్పేసింది.

"సార్, కరెంటు రావట్లేదు."

"రావట్లేదని కూడా నేనే కొలవాలమ్మా" అన్నాడు ఆఫీసరు, మెట్లెక్కుతూ.

ఆయన వెనక కోడలు, ఆమె వెనక కొడుకు, తర్వాత మేస్త్రీ. దుప్పట్ల లెక్క తేలేదాకా కదిలేది లేదని లాడ్జి మేనేజరు కూడా ఎక్కాడు. డాబా మీదకు అడుగుపెట్టిన వాళ్లు పెట్టినట్టే ఆగిపోయారు. మండుటెండలో మూడు వరసల తెల్లదనం కళ్లు జిగేల్మనిపిస్తోంది. పద్దెనిమిది దుప్పట్లు, ఒక్క ముడత లేకుండా, అంచుకి అంచు కలిసి, క్లిప్పులు ఒకే తీరున పెట్టి ఉన్నాయి. మధ్యలో బకెట్టు పట్టుకుని పెద్దాయన నిలబడి ఉన్నాడు. చప్పుడు చెయ్యొద్దన్నట్టు అందరికీ చేత్తో సైగ చేశాడు.

"మావే" అన్నాడు లాడ్జి మేనేజరు, గుసగుసగా. ఎందుకు గుసగుసలాడాడో అతనికీ తెలియదు.

మేస్త్రీ పిట్టగోడ మీద కూలబడి తల పట్టుకున్నాడు. కొడుకు మొహం అటు తిప్పుకున్నాడు. పెద్దాయన ఆఫీసరు దగ్గరికి వచ్చి, తనవంతు ఆలస్యం జరిగిందని ఒప్పుకుని, నీలం సంగతి, ఎండ సంగతి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసే సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆఫీసరు మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు. కోడలు మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియక, నెమ్మదిగా ఆయన చేతిలోని బకెట్టు అందుకుంది.

"మామయ్యా, ఆ రంగు వెలవదు. ఎండ పడటానికే వాటిని అక్కడ పెట్టాం."

పెద్దాయన ఆమె ముఖంలోకి చూశాడు, ప్లేట్ల వైపు చూశాడు. ఆ చూపు చూసి కొడుకు కూడా నవ్వు మింగేశాడు. "అయితే వాటిని చంపింది నేనేనా?"

"చావలేదు మామయ్యా. దుప్పటి కప్పి నిద్రపుచ్చారు, అంతే. తీయండి."

పెద్దాయన మొదటి క్లిప్పు తీశాడు. మేస్త్రీ ఒక్క దూకులో కిందికెళ్లి, బాగున్న పెట్టెను విప్పినవాడే మళ్లీ బిగించి పైకొచ్చాడు. కోడలు ఫోను చూస్తూ అంకెలు చదివింది. మూడు దుప్పట్లు లేచేసరికి ఒకటిన్నర. మొదటి వరస తీసేసరికి మూడు దాటింది. రెండో వరస తీస్తే ఆరు దాటింది. కడిగిన నీలం మీద ఇంకా నీటి చుక్కలు మెరుస్తున్నాయి. ఆఖరి దుప్పటి లేచాక కోడలు ఫోను ఆఫీసరుకు చూపించింది. తొమ్మిది చుక్క ఆరు.

ఆఫీసరు తన పరికరం తగిలించి చూశాడు. తీసి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ తగిలించి చూశాడు. అదే అంకె. ఆకాశంలో ఆ ఒక్క వెలుగు, కింద అలికిడి లేకుండా ఆ నీలం పలకలు. కింద మూడు మిషన్లూ గిర్రున తిరుగుతున్న చప్పుడు కాళ్ల కింద వినిపిస్తోంది. లాడ్జి మేనేజరు బస్సు సంగతి మర్చిపోయాడు. నెల రోజులుగా రోజూ చూస్తున్నా పెద్దాయనకు ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టుంది. ఎండకు వెలిసే రంగులే తప్ప, ఎండను తిని బతికే రంగు ఒకటుంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

"ఇంకా పావుగంట నిలవాలి" అన్నాడు ఆఫీసరు, గడియారం చూసుకుని.

ప్లేట్లు వేడెక్కుతున్న కొద్దీ అంకె దిగడం మొదలైంది. అయిదు నిమిషాలకు తొమ్మిది. పది నిమిషాలకు ఎనిమిదిన్నర. పన్నెండో నిమిషానికి ఎనిమిది చుక్క మూడు. పెద్దాయన ఒక తడి దుప్పటి అందుకుని సిద్ధంగా నిలబడ్డాడు. కోడలు ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుని వదల్లేదు. పద్నాలుగో నిమిషంలో ఎనిమిది చుక్క రెండు. పదిహేనో నిమిషం నిండేసరికి ఎనిమిది చుక్క ఒకటి దగ్గర ఉంది. ఆఫీసరు పరికరం తీసేసి, ఫైలు విప్పి, అందులోంచి టైపు చేసి ఉన్న కాగితం ఒకటి బయటికి తీశాడు.

"మీ లెక్కలు రోజూ బ్యాంకుకి వస్తూనే ఉన్నాయమ్మా. ఈ నెల రోజుల్లో ఒక్క మధ్యాహ్నం కూడా ఏడున్నర దాటలేదు. అందుకే కాదని రాసిన కాగితం తయారుచేసుకునే వచ్చాను." ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాడు.

కోడలు తల దించుకుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఏదైనా అద్భుతం జరక్కపోతుందా అని వారం రోజులుగా ఎవరికీ చెప్పకుండా ఒక్కతే మోస్తోంది. ఇంతలో మేస్త్రీ గొంతు సవరించుకుని, ప్లేటు వేడెక్కితే కరెంటు తగ్గుతుందని, దుమ్ము పడితే ఇంకా తగ్గుతుందని, చల్లటి నీళ్లతో కడిగిన ప్లేటుకి తిరుగుండదని శాస్త్రం చెప్పాడు. ఈ ముక్క నెల కిందటే ఎందుకు చెప్పలేదని కోడలు చూసిన చూపుకి, అతను ప్లేట్లు లెక్కపెడుతున్నట్టు అటు తిరిగాడు.

ఆఫీసరు పెద్దాయన వైపు తిరిగాడు. యజమానులు రోజూ చూసుకునే తీరులోనే ప్లేట్లను కొలవాలని నిబంధన ఉందట. ఇలా రోజూ చేస్తారా అని అడిగాడు.

"నా ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లు చేస్తాను బాబూ. కప్పమంటే కప్పుతాను, తీయమంటే తీస్తాను."

"కప్పకండి. కడిగితే చాలు."

కోడలు మామగారి చెయ్యి ఇంకా వదల్లేదు. నలభై ఏళ్ల కొట్టు నిలబడింది. నిలబెట్టిన మనిషి తడి చొక్కాతో, ఏం జరిగిందో ఇంకా పూర్తిగా అర్థం కాక, ఆ నీలం వైపే కళ్లప్పగించి చూస్తున్నాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "మీరు లేకపోతే మునిగిపోయేవాళ్లం మామయ్యా" అంది. అది అక్షరాలా నిజం. పెద్దాయన తలూపి, వంగి, ప్లేటు అంచున మిగిలిన ఒక్క నీటి చుక్కను చొక్కా కొసతో అద్దాడు. "ఏం రంగు అమ్మా ఇది" అన్నాడు, గొంతు తగ్గించి.

సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చిన మంజూరు కాగితంలో అన్నీ సరిగానే ఉన్నాయి. ప్లేట్లను చల్లబరిచే పరికరం ఉంటే దాని వివరాలు రాయాలన్న గడిలో ఆఫీసరు తన చేతిరాతతో పూర్తి చేశాడు: ఉంది, మామగారు, వయసు డెబ్బై రెండు, పనితీరు సంతృప్తికరం.